మడత పడకూడని ఫిలిం

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, కూర్చుంటూ నా సంచిని పక్కాయన ఒడిలోని అట్టల మీదికి వాల్చబోయాను. ఆయన చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ పెట్టొద్దప్పా. మడత పడితే ఇంక పనికిరాదు."

రెండు అట్టల మధ్య బూడిదరంగు ఫిలిం ఉంది. చూడటానికి ప్లాస్టిక్ కాగితమే, తాకితే సన్నటి గరుకు. దాన్ని తడిపి అద్దం ముక్కకు అంటించి, దాని మీద ఇంట్లోనే మంగలి కత్తి నూరుతాడట. మంచాన పడ్డ వాళ్లన్నకు ప్రతి శనివారం తనే గడ్డం గీసి, ఆదివారం చర్చికి ఎత్తుకుపోయేవాడట.

"ఇప్పుడెట్లుండాడు?" అన్నాను.

"ఆస్పత్రోళ్లు ఇంటికి తీసకపొమ్మన్యారు. మా వదిన ఆటోలో తోలకపోయింది. నేను దీనికోసరం నిలబడితి. ఇంక రెండు దినాలే అంటాండారు."

"ఆ రెండు దినాలకు మామూలు బ్లేడు చాలదా అన్నా?"

ఆయన నా వైపు చూడలేదు.

"బతికినోనికి చాలు. తెగినా మానుతాది. సచ్చినోనికి తెగితే అట్లే ఉంటాది. పెట్టెలో అందరూ మొగమే కదప్పా చూసేది."

ఆళ్లగడ్డలో దిగేదాకా ఆయన ఆ అట్టల మీదినుంచి చెయ్యి తీయలేదు.

మరుసటి ఏడు మా నాయనకు చివరి గడ్డం నేనే గీశాను, మామూలు బ్లేడుతోనే. దవడ కింద చిన్న గాటు పడింది. నెత్తురు రాలేదు. కాసేపటికి గోధుమరంగుకు తిరిగింది. పెట్టె మూసేదాకా వచ్చినవాళ్లందరూ దాన్ని చూస్తూనే ఉన్నారు.