ఊడిరావాల్సిన రంగు

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నేను పనిచేసే కార్ల షెడ్డులో రంగు వేసే హక్కు ఒక్క మనిషికే ఉంది. ఆయన్ని అందరం చాచా అంటాం. అరవై దాటాయి. నలభై ఏళ్లుగా స్ప్రే గన్ను పట్టిన చెయ్యి. నా పని కార్లు కడగడం, పాలిష్ పట్టడం, వచ్చినవాళ్లు విసుక్కోకుండా నవ్వించి కూర్చోబెట్టడం. మూడో పనికి జీతం లేదు. చదువు సంగతంటారా, ఎనిమిదో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. ఇద్దరమూ సుఖపడ్డాం.

చాచా దగ్గర రంగుకు ఒకటే సూత్రం. కోటు ఉల్లిపొరలా ఉండాలి. ఆరాక ఇంకో ఉల్లిపొర. ఎక్కడైనా రంగు చుక్క కిందికి జారిందంటే ఆ డోరు మొత్తం మళ్లీ అరగదీసి మొదటికొస్తాడు. జారిన రంగును చూస్తే ఆయన ముఖం ఎవరో పోయినట్టు అయిపోతుంది.

అలాంటి షెడ్డుకు ఒక ఫిబ్రవరిలో డ్రైవరన్న వచ్చాడు. ఊరి బయట పత్తి మిల్లు ఉన్న ఒక పెద్దాయన దగ్గర పదకొండేళ్లుగా బండి నడుపుతున్నాడు. తెల్ల కారు. వారం వారం కడిగించడానికి మా దగ్గరకే తెస్తాడు. ఆ రోజు కారు దిగుతూనే డిక్కీలోంచి నాలుగు స్ప్రే డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. బంగారు రంగు మూతలు.

"తమ్ముడూ, ఆదివారం మా పాప ఓణీల ఫంక్షను. పాప కారులో దిగుద్ది. చక్రాలు బంగారు రంగులో ఉండాలంట. మీ వదిన ఫోనులో ఎక్కడో చూసింది."

"మరి కారు మీదేనా అన్నా?" అన్నాను.

"నీ నోట్లో దుమ్ము పొయ్య, నెమ్మదిగా మాట్లాడు. అయ్యగారు హైదరాబాదులో ఉన్నారు, కూతురింట్లో. కంటిలో శుక్లాలు తీయించుకున్నారు. వచ్చేది గురువారం. బుధవారానికి చక్రాలు ఎట్టా ఉన్నాయో అట్టా చేసి ఇయ్యాల."

ఆ డబ్బాల్లో ఉన్నది మామూలు పెయింటు కాదు. ఆరాక రబ్బరు పొరలాగా అయ్యేది. వద్దనుకున్నప్పుడు గోటితో అంచు లేపి లాగితే పొర మొత్తం ఊడివస్తుంది, అడుగున అసలు రంగు చెక్కుచెదరదు. నేను ఫోనులో చూశాను గానీ చేత్తో ముట్టింది లేదు. చాచా అయితే పేరు కూడా వినలేదు.

"ఊడిపోయే రంగేంది?" అన్నాడాయన. "నలభై ఏళ్ల నుంచి రంగు ఊడకుండా ఎయ్యటమే నేర్చుకున్నా. ఇప్పుడు ఊడేటట్టు ఎయ్యమంటారు."

"నేనేస్తా చాచా," అన్నాను.

"నువ్వు బక్కెట్ పట్టుకో."

డబ్బా మీద వాడే విధానం ఇంగ్లీషులో ఉంది, అక్షరాలు చీమ తలకాయలంత. మా ముగ్గురిలో ఎక్కువ చదువుకున్నది నేనే. బొమ్మలున్నంతవరకు చదివాను.

చక్రాలు కడిగి, ఆరబెట్టి, రంగు టైరుకు అంటకుండా టైరుకూ రిమ్ముకూ మధ్య పేకముక్కలు గుచ్చాను. పల్నాడులో పేకముక్కలకు కరువేముంది, పక్క టీకొట్టు వెనక్కి వెళ్లి అడిగితే నాలుగు కట్టలిచ్చారు. చాచా కూర్చుని చక్రం తర్వాత చక్రం వేశాడు. రెండు ఉల్లిపొరలు. ఒక్క చుక్క జారలేదు. ఎండలో ఆ చక్రాలు నగల దుకాణం అద్దంలో పెట్టినట్టున్నాయి. నాలుగు డబ్బాల్లో రెండే అయ్యాయి. మిగిలిన రెండూ చాచా డ్రైవరన్న చేతిలో పెట్టిన తీరు నాకింకా గుర్తు. ఉన్నంత రంగూ పట్టించేవాడు పనివాడు కాదు, మిగిల్చేవాడే పనివాడని ఆయన లెక్క. ఆ రెండు డబ్బాలతో ఫంక్షను హాలు ముందు పెట్టే మట్టి కుండలకు, కొబ్బరి బోండాలకు రంగేశారు.

ఫంక్షనుకు నేనూ వెళ్లాను. పాప ఆకుపచ్చ పట్టు ఓణీ వేసుకుని కారు దిగింది. వీడియో తీసేవాడు పాప కంటే చక్రాలనే ఎక్కువ తీశాడు. భోజనాల్లో గోంగూర మటన్ బాగుంది. చాచా ఎవరితోనూ మాట్లాడకుండా తిని, వెళ్లేటప్పుడు మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

సోమవారం పొద్దున్నే డ్రైవరన్న కారు తెచ్చాడు. నేను చక్రం ముందు కూర్చుని గోటితో అంచు లేపాను. పొర రాలేదు. గోటి కింద చిటికెడు బంగారం వచ్చింది. ఇంకోచోట గీకాను, ఇంకో చిటికెడు. కాలిన చర్మం లేచినట్టు ముక్కలు ముక్కలుగా రాలుతోంది. గంట కూర్చుంటే అరచేయంత చోటు తేలింది. నాలుగు చక్రాలకు లెక్కేస్తే, లెక్కల మాస్టారు లేకుండానే తెలిసింది, ఉగాది వస్తుంది.

డ్రైవరన్న నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏంది తమ్ముడూ, రాటంలా?"

"వస్తాంది అన్నా. నువ్వు రిటైరయ్యే లోపు వచ్చిద్ది."

ఆయన నవ్వలేదు. అప్పుడు గానీ ఆ మనిషి ముఖం నేను సరిగ్గా చూడలేదు. అడగకుండా బండి వాడుకున్నాడన్న మాట ఒకసారి బయటపడితే, పెద్దాయన దగ్గర ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. మా ఊళ్లో డ్రైవరుకు లైసెన్సు కంటే పేరు ముఖ్యం. ఆ పేరు పోయినవాడికి ఆటో తాళం కూడా ఎవరూ ఇవ్వరు.

చాచా రంగును కరిగించే థిన్నర్ డబ్బా తెచ్చాడు. డ్రైవరన్న అడ్డం పడ్డాడు. "వద్దు చాచా, అడుగున కంపెనీ రంగు పోద్ది. ఆయన చక్రాలు ఆయనకు కావాల."

నేను ఫోను తీసి వెతికాను. హిందీలో ఎవరో కుర్రాడు చెబుతున్నాడు. ఈ పెయింటు పలచగా వేస్తే ఊడదట. ఐదారు కోట్లు మందంగా వేస్తేనే రబ్బరులా పట్టు వస్తుందట. పలచగా వేసి ఇరుక్కున్నవాళ్లు దాని మీదే మందంగా ఇంకా వేసి, ఆరనిచ్చి, పాతదీ కొత్తదీ కలిపి లాగాలట. చాచా నా భుజం మీదుగా మొత్తం చూశాడు. హిందీ ఆయనకు నాకంటే బాగా వచ్చు.

"వాడికి మీసాలన్నా వచ్చినయ్యా?" అన్నాడు.

"మీసం లేకపోయినా వాడి రంగు ఊడతాంది చాచా. మీసమున్న మన రంగు ఊడట్లా."

ఆయన థిన్నర్ డబ్బా మూత బిగించి లోపలికి వెళ్లిపోయాడు. నలభై ఏళ్లు నేర్చుకున్న మంచి పనే ఇక్కడ తప్పు పని అయింది. చెడ్డ పెయింటరు వేసి ఉంటే సోమవారమే ఊడేది.

నరసరావుపేటలో ఆ పెయింటు దొరకదు. ఆన్‌లైన్లో చెబితే నాలుగు రోజులు. మంగళవారం నేను గుంటూరు బస్సెక్కి, కార్ల సామాను అమ్మే వీధంతా తిరిగితే ఒక్క కొట్లో ఉంది. ఉన్నది నలుపు. రంగుతో మాకేం పని, ఊడేదే గదా అని ఐదు డబ్బాలు తెచ్చాను.

బుధవారం పొద్దున నేనే వేశాను. చాచా వద్దనలేదు, చూడనూ లేదు. గోడ వైపు తిరిగి టీ తాగుతున్నాడు. నేను కోటు మీద కోటు పోస్తుంటే నల్లటి రంగు రిమ్ముల మీద బొట్లు బొట్లుగా జారుతోంది. ఒక్కసారి తిరిగి చూశాడు.

"ఇడ్లీ మీద సాంబారు పోస్తన్నావా?"

"ఇట్టానే పొయ్యాలంట చాచా."

"అల్లా," అని మళ్లీ గోడ వైపు తిరిగాడు.

సాయంత్రం దాకా ఆరనిచ్చి లాగేయాలని మా ఉద్దేశం. పదకొండింటికి డ్రైవరన్న ఫోను మోగింది. మాట్లాడి జేబులో పెట్టుకుని, నిలబడ్డచోటే నిలబడ్డాడు. పెద్దాయన గురువారం దాకా ఆగలేదు. రైల్లో ఉన్నాడు. ఒంటిగంటకు సత్తెనపల్లి స్టేషనులో దిగుతాడు.

చక్రాలు ముట్టుకుంటే వేలికి అంటుతున్నాయి. లాగడానికి లేదు, ఆగడానికి లేదు. డ్రైవరన్న చొక్కా సర్దుకుని, తల దువ్వుకుని, కారు తీశాడు.

స్టేషను సంగతి నేను చూడలేదు, తర్వాత ఆయన చెప్పిందే. అది పత్తి కాలం. సత్తెనపల్లి రోడ్డు పొడుగునా పత్తి లారీలు, వాటి వెనక గాల్లో దూది. తడి రబ్బరు మీద పడిన దూది ఇంక ఎక్కడికి పోతుంది? స్టేషనుకు చేరేసరికి నాలుగు చక్రాలకూ తెల్లటి బొచ్చు మొలిచింది. పెద్దాయన నల్లకళ్లద్దాలతో మెట్లు దిగి, కారు ముందు ఆగి, అద్దాలు తీశాడు. డ్రైవరన్న ఇన్నాళ్లూ ఆయన కంటి మసకనే నమ్ముకున్నాడు. ఆ మసకను హైదరాబాదులో తీసి పారేశారన్నది ఆ నిమిషంలో తట్టిందట.

"ఏందిరా చక్రాలకు?"

"దుమ్మండీ."

"నాకు ఆపరేషను చేసింది కంటికిరా, బుర్రకు కాదు."

దాంతో డ్రైవరన్న మొత్తం చెప్పేశాడు. ఓణీలు, బంగారు రంగు, ఉల్లిపొర, గుంటూరు, అన్నీ. పెద్దాయన విని, "అడిగితే ఇయ్యనన్నానా?" అని ఒక్క మాట అన్నాడు. ఇంటి ముందు దిగి చెయ్యి చాపాడు. డ్రైవరన్న ఆ చేతిలో తాళం పెట్టి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఏ కబురూ లేదు. డ్రైవరన్న షెడ్డుకు వచ్చి, కడగడానికి వచ్చిన కార్ల వైపు చూస్తూ కూర్చునేవాడు. వాళ్లావిడ ఫోను చేస్తే డ్యూటీలో ఉన్నానని చెప్పేవాడు. నేను జోకులు వేశాను గానీ నాకే నవ్వు రాలేదు. నాలుగో రోజు రాలేదు. ఎక్కడో లారీకి డ్రైవరు కావాలంటే అడగడానికి వెళ్లి, ఊరికే తిరిగొచ్చాడని చాచా చెప్పాడు.

ఐదో రోజు పొద్దున తెల్ల కారు మా గేటులోకి మొదటి గేరులో మూలుగుతూ వచ్చింది. పెద్దాయనే నడుపుతున్నాడు. పక్కన ఎవరూ లేరు. నీళ్ల డ్రమ్ముకు జానెడు దూరంలో ఆపి దిగాడు.

"ఎవర్రా ఈ పని చేసింది?"

చాచా గడ్డంతో నన్ను చూపించాడు. నేను వేలితో చాచాను చూపించాను.

"ఇద్దరూ దొరికారు. తియ్యండి దీన్ని."

నేను కూర్చుని, గాలి కొట్టే వాల్వు పక్కన అంచు లేపి లాగాను. ఈసారి వచ్చింది. అరటిపండు తొక్కలా వచ్చింది. పైన దూది, మధ్యలో నలుపు, అడుగున బంగారం, దాని కింద వెండిలా మెరుస్తున్న అసలు చక్రం. పెద్దాయన వంగి చూశాడు. ఇంకాస్త వంగాడు.

"ఆగు, ఆగు. నేను తీస్తా."

పీట వేశాను. అరవై కుటుంబాలకు పని ఇచ్చే మనిషి మా షెడ్డులో పీట మీద కూర్చుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, చక్రం తోలు వలిచాడు. మొదటిది అయ్యాక రెండోదానికి పీట తనే జరుపుకున్నాడు. మూడోది నేను మొదలుపెట్టబోతే చెయ్యి మీద కొట్టాడు. చాచా నేల మీద పడ్డ ఒక తొక్క తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది పెయింటు కాదు సాబ్. రెక్సిను," అన్నాడు. ఐదు రోజుల్లో ఆయన ఆ పని గురించి మాట్లాడింది అదే.

"ఏదైతేనేం, చక్రాలు కొన్నప్పటిలా ఉన్నయ్యి," అన్నాడు పెద్దాయన. లేచి చేతులు కడుక్కుని కారెక్కాడు.

ఇక వెళ్లాలంటే వెనక్కి తీయాలి. మా గేటు సన్నం. బయట మురుగు కాలవ, దాని మీద ఒక్క బండ, ఆ వెంటనే లారీలు తిరిగే రోడ్డు. పెద్దాయన మొదటిసారి వెనక్కి తీసి, గేటు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగి, ముందుకొచ్చాడు. రెండోసారి చక్రం బండ దాటి కాలవ అంచు మీదికి పోయింది. నేను అరిచాను. మూడోసారి సగం కారు రోడ్డెక్కి ఆగిపోయింది. అటు మిరపకాయ బస్తాల లారీ, ఇటు స్కూలు బస్సు, హారన్లు. "తాతా, దిగి తొయ్యి!" అని ఆటోవాడెవడో అరిచాడు. పెద్దాయన చొక్కా తడిసిపోయింది.

"నేను తీస్తా సార్," అన్నాను.

"నువ్వు ముట్టుకోమాక. ఇప్పుడే శుభ్రం చేశా." కారును ముందుకు తెచ్చి, ఇంజను ఆపి, మోచేత్తో నుదురు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "వాడికి ఫోన్ చెయ్యి."

ఎవడికని నేను అడగలేదు. నోరు మూసుకోవాల్సిన చోట నేను నోరు మూసుకున్న రోజులు తక్కువ, అది ఒకటి.

డ్రైవరన్న పక్కింటివాళ్ల బండి మీద వచ్చాడు. లుంగీ, చేతుల బనీను. గేటు దగ్గర దిగి ముందు చక్రాలు చూశాడు, తర్వాత పెద్దాయన్ని చూశాడు. పెద్దాయన అప్పటికే దిగి, వెనక సీట్లో ఎడమ పక్కకు మారాడు. పదకొండేళ్లుగా కూర్చునే చోటు అదే. డ్రైవరన్న లుంగీ ఎగ్గట్టి ఎక్కి, అద్దం సరిచేసుకుని, ఒక్క ఊపులో కారును రోడ్డు మీదికి తీసి, ఎడమవైపు నిలబెట్టాడు. ఈసారి ఎవరూ హారను కొట్టలేదు.

ఆయన ఇంజను ఆపి, తాళం తీసి, వెనక్కి తిరిగి చాపాడు. పెద్దాయన కిటికీలోంచి ఎదురుగా ఉన్న టీకొట్టు బోర్డును చదువుకుంటున్నాడు. కొత్త కన్ను కదా, ఏది కనపడినా చదువుతున్నాడు. తాళం వైపు చూడలేదు.

"లుంగీతో మిల్లుకు వస్తావా?" అన్నాడు. "దారిలో మీ ఇంటి కాడ ఆపి ప్యాంటు ఏసుకో."