వేలిముద్ర చూడకుండా తెరిచిన సెషన్

ఒక్క లైను కోడుతో మిల్లు మొత్తాన్ని గడగడలాడించిన ఘనత నాది. నవ్వకండి, ఆ ఉదయం నా ఉద్యోగం ఊడినంత పనైంది.

సూరత్‌లో, పాండేసరలోని ఒక ప్రింటింగ్ మిల్లులో అప్పుడే కంప్యూటర్ ఉద్యోగంలో చేరాను. మిల్లు యజమాని సేఠ్‌కు నా గురించి చెప్పి పెట్టించింది మా గల్లీ మల్లేశం కాక. చీరలు అచ్చేసే మెషీన్ నడిపేది కాకే. ఆ రోజు పదకొండింటికి పెద్ద వ్యాపారి వస్తున్నాడు. ఆలోగా నెమలి డిజైన్ కాక మెషీన్‌కు చేరి, నమూనా చీర అచ్చవ్వాలి.

డిజైన్లు పంపే ప్రోగ్రాం నేనే రాశాను. రాశానంటే, ఫైళ్లు పంపేందుకు ఎవరో రాసిపెట్టిన కోడు, అంటే లైబ్రరీ, ఒకటి తెచ్చి తగిలించాను. అవతలి మెషీన్‌తో లంకె, అంటే సెషన్, మొదలుపెట్టే ముందు అది ఆ మెషీన్ 'వేలిముద్ర', అంటే దాని గుర్తింపు కోడు అడిగి, మన దగ్గరున్న దానితో పోల్చుకుంటుంది. పదింటికి మీట నొక్కితే, "వేలిముద్ర కలవడం లేదు" అని పెళ్లిలో అలిగిన మేనమామలా భీష్మించుకుంది. నాకు ఒళ్లు మండింది. 'ఎవరైనా సరే, తలుపు తియ్' అనే ఆప్షన్ పెట్టేశాను. తెరుచుకుంది! ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను మాత్రం సెషన్ తెరవగానే పండగ చేసుకున్నాను.

"పంపిన కాకా!" అన్నాను ఫోన్‌లో.

"ఏది బిడ్డా, ఈడ ఏం రాలే."

"మళ్ల పంపుతున్న."

"రాలే."

"జర మంచిగ చూడు కాకా!"

"నాకేమన్న కండ్లు పోయినయా? టైం చూసినవా?"

ఏడుసార్లు పంపాను. పదిన్నరయింది. ఫోన్‌లోనే సేఠ్ కేకలు వినిపించాయి. "మల్లేశ్! మెషీన్ పాడు చేశావా? ఈ ఆర్డర్ పోతే నువ్వూ ఉండవు, నువ్వు తెచ్చిన పిల్లా ఉండదు!"

"తప్పు నాదే సేఠ్," అన్నాడు కాక మెల్లగా.

అంతలో ఇంకో ఫోను. పల్సానాలో సేఠ్‌కే ఉన్న దుప్పట్ల యూనిట్ సూపర్‌వైజర్ భరత్‌భాయ్.

"బెన్," అన్నాడు, అంటే చెల్లెమ్మా అని, "మా దుప్పట్ల మీద నెమళ్లు వస్తున్నాయి. ఏడోది కూడా అయిపోయింది. ఆపమంటారా, కానివ్వమంటారా?"

కాక మెషీన్ అడ్రస్ చివర ఆరుకు బదులు తొమ్మిది కొట్టాను! రెండు యూనిట్లకూ పాస్‌వర్డ్ ఒకటే. 'ఇది మన మెషీన్ కాదే తల్లీ' అని లైబ్రరీ నెత్తీనోరూ కొట్టుకుంటే, ఆ నోరు నొక్కింది నేనే.

మేడ మీది నా గదిలోంచి కిందికి పరుగెత్తాను. "తప్పు కాకది కాదు సేఠ్, నాది!"

సేఠ్ నోరు తెరిచేలోపు మళ్లీ పైకి పరుగు. అడ్రస్ దిద్దాను, వేలిముద్ర పోల్చాను, సెషన్ తెరిచాను. వ్యాపారి గుమ్మంలో అడుగుపెట్టేసరికి చీర ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన తల ఊపి ఆర్డర్ ఖాయం చేశాడు.

"ఏందే బిడ్డా," అన్నాడు కాక, "మిషిన్ గాని, మనిషి గాని, ఎవరని అడగకుంటనే లోపలికి రానిస్తరా?"

శిక్షగా సేఠ్ ఆ ఏడు దుప్పట్లూ నాకే అంటగట్టాడు. చీరకు గీసిన నెమలి మంచమంత సాగింది. కన్నొక్కటే అన్నం పళ్లెమంత! "పండుకుంటే నన్నే చూస్తున్నదే," అని మా బాపు చాప మీదికి మారిపోయాడు.

కనుక సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట వేలిముద్ర పోల్చకుండా ఏ సెషనూ తెరవను. తెరిచిన నాడు, సూరత్ మే నెల ఉక్కలో, ఆ ఏడు దుప్పట్లూ ఒకదాని మీద ఒకటి కప్పుకుని పడుకుంటాను.