నీళ్ళ చప్పుడు ఆపిన ఇల్లు

మాన్‌చ్యూంగ్ పోయాక, అతని ఆత్మ ఏ రోజున ఇంటికి తిరిగొస్తుందో పూజారి లెక్కకట్టి చెప్పాడు. ఆ రోజు ఎండ వాలే వేళకి ఇంట్లో మనుషులు ఉండకూడదు. చప్పుడు అసలే ఉండకూడదు.

"రేడియో, ఫ్యాను, ఫ్రిజ్ అన్నీ ఆపెయ్ వదినా," అంది అతని చెల్లెలు సావ్‌కింగ్. "ఆ తాబేలు తొట్టి ఫిల్టర్ మిషన్ కూడా. ఆ గుర్రుకి బతికున్నవాళ్ళమే పారిపోతాం, అన్నయ్యేం నిలబడతాడు?"

"ఆ మోత లేకపోతే మీ అన్నయ్యకి నిద్ర పట్టేది కాదు."

"అది బతికున్నప్పుడు."

అతని భార్య క్వాయ్‌హింగ్ వయసంతా బట్టల ఫ్యాక్టరీలో, కుట్టుమిషన్ల హోరు మధ్య గడిచిన మనిషి. మాటకి మాట అందించే అలవాటు అక్కడే పోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. అక్కడా యంత్రాల మోతే. మాన్‌చ్యూంగ్ ఎర్ర మినీబస్సు నడిపేవాడు. పగలంతా హారన్లు విని ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు. విప్పితే తాబేలుతోనే. క్వాయ్‌చుంగ్ పేటలో ప్రభుత్వ ఫ్లాటు దొరికిన ఏడు దాన్ని కొని తెచ్చాడు. అప్పుడది అరచేతిలో ఇమిడేది. ఆ-సెక్ అని పేరు పెట్టాడు, రాయి అని. పేరుకి తగ్గట్టే అది రాయిలా కూర్చునేది, అతనూ దాని ఎదురుగా రాయిలా కూర్చునేవాడు.

సెలవురోజున మాత్రం అతనికి పని ఉండేది. తొట్టిలోంచి బకెట్టు నీళ్ళు తోడి, బల్ల కింద ఉన్న ఫిల్టర్ డబ్బా విప్పి, అందులోని స్పాంజీలని ఆ తోడిన నీళ్ళలోనే మెల్లగా పిసికేవాడు. పంపు కింద పెట్టనిచ్చేవాడు కాదు.

"మురికిని మురికితో కడిగే మనిషిని నిన్నే చూశాను," అనేదామె.

"పంపునీళ్ళలో మందు కలుపుతారు. తగిలితే ఇందులోవి చస్తాయి."

"ఎవరున్నారు అందులో, నీ చుట్టాలా?"

"నీళ్ళని బాగుచేసే క్రిములు. కంటికి కనబడవులే."

ఆత్మ వచ్చే రోజున క్వాయ్‌హింగ్ అతని కుర్చీ ముందు కాల్చిన బాతు తొడ, ఒక గ్లాసు బీరు పెట్టింది. కుర్చీ కింద చెప్పులు సర్దింది. వచ్చినవాడి అడుగులు తెలియాలని గుమ్మం నుంచి కుర్చీ దాకా పిండి చల్లింది. వచ్చేసరికి ఇంట్లో ఏదీ వెలితిగా కనబడకూడదని బియ్యపు డబ్బా నింపింది, కూజా నింపింది, గుమ్మం పక్కనున్న తాబేలు తొట్టిని కూడా అంచుదాకా నింపింది. చివరికి ఫిల్టర్ ప్లగ్గు పీకింది. ఆడవాళ్ళిద్దరూ టీ హోటల్లో కూర్చుని చల్లారిన టీ తాగుతూ పొద్దు వాలేదాకా గడిపారు.

తలుపు తీసేసరికి పిండిలో దారి పడి ఉంది. మధ్యలో సన్నటి గీత, అటూ ఇటూ గోళ్ళ గుర్తులు. ఆ దారి వంకరటింకరగా కుర్చీ కిందికి పోయింది. రెండు చెప్పుల నడుమ ఆ-సెక్ మెడ చాచి కూర్చునుంది.

సావ్‌కింగ్ చేతులు జోడించింది. "అన్నయ్యే నడిపించాడు దాన్ని," అంది. కాసేపు ఏడ్చి ముఖం కడుక్కుని, "చూసుకోవాల్సింది చూసుకున్నాడు, ఇక వెళ్ళిపోతాడు. మిషన్ పెట్టేసుకో వదినా," అని చెప్పి వెళ్ళింది.

క్వాయ్‌హింగ్ తాబేలుని తొట్టిలోకి చేర్చింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడే వెనక కుర్చీ కిర్రుమంది. అతను వెన్ను వాల్చేటప్పుడు అనేటట్టే.

ప్లగ్గు కింద పెట్టేసింది.

ఆ మోత ఆగిన ఇంట్లో ఎన్ని చప్పుళ్ళున్నాయో ఆమెకి అప్పుడు తెలిసింది. వంటింట్లో గిన్నె కదిలేది. స్నానాలగదిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టుండేది. మోకాళ్ళకి అతను రాసుకునే తైలం వాసన కుర్చీ దగ్గర ఉండుండి గుప్పుమనేది. ఆమె చెప్పులు విప్పి నడవడం మొదలుపెట్టింది. టీవీ పెట్టడం మానేసింది. మోత మొదలైతే లేచి వెళ్ళిపోతాడు. అంతే ఆమెకి తెలిసింది.

తొట్టిలో నీళ్ళు ముందు పచ్చబడ్డాయి, తర్వాత చిక్కబడ్డాయి. తోడి కొత్త నీళ్ళు పోస్తే రెండు రోజులకే మళ్ళీ కంపు. ఆ-సెక్ తిండి మానేసింది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి, డిప్ప మీద తెల్లటి మచ్చలు లేచాయి. ఎంగిలి పడని రొయ్య దాని ముందు తేలుతుంటే, ఆమెకి ఆస్పత్రిలో మాన్‌చ్యూంగ్ వదిలేసిన గంజి గుర్తొచ్చేది.

సావ్‌కింగ్ నారింజలు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. తొట్టిలోకి చూసింది, కింద పడున్న ప్లగ్గునీ చూసింది.

"అప్పటినించీ ఆపే ఉంచావా?"

"ఇక్కడే ఉన్నాడు," అంది క్వాయ్‌హింగ్.

సావ్‌కింగ్ కుర్చీ వైపు చూడలేదు. "ఉంటే ఉండనీ. మరి దీన్నెవరు చూస్తారు? ఇదీ పోయిందనుకో, అన్నయ్య మొహం ఎలా చూస్తావు?"

మర్నాడు క్వాయ్‌హింగ్ మాంగ్‌కాక్‌లో పెంపుడు చేపలమ్మే వీధికి వెళ్ళింది. వేలాడదీసిన ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు తిరుగుతున్న దుకాణంలో ముసలి టామ్ కూర్చునున్నాడు. మాన్‌చ్యూంగ్‌కి పాత నేస్తం.

"రా వదినా. విన్నాను," అని స్టూలు జరిపాడు. ఆమె చెప్పిందంతా విని అడిగాడు, "ఆపిన డబ్బా విప్పకుండా మళ్ళీ ప్లగ్గు పెట్టావా?"

"లేదు."

"నయం. ఆ కుళ్ళంతా ఒక్కసారి తొట్టిలో పడితే ఆ పూటే పోయేది. నీళ్ళు కదలడం ఆగితే లోపలున్నవాటికి ఊపిరాడదు. ఇన్నేళ్ళూ వాడు పెంచినవి అవే కదా."

క్వాయ్‌హింగ్ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "తాబేలు తొట్టిలోంచి దానంతటదే రాగలదా?"

"నీళ్ళు ఎందాకా పోశావు?"

"అంచుదాకా."

"రాక ఏం చేస్తుంది? అందుకేగా వాడు జానెడు తక్కువ ఉంచేవాడు. బయటపడితే ఏ చీకటి మూలో వెతుక్కుంటుంది."

ఆమె తలూపింది. అది తనకీ తెలియని సంగతి కాదు.

టామ్ కొత్త ఫిల్టర్ల పెట్టెలు కిందికి దించాడు. చిన్నది వద్దన్నాడు. "పెట్టె మీద రాసింది చేపలకి. తాబేలు చేసే మురికి అంతా ఇంతా కాదు. నీ తొట్టికి రెండింతల తొట్టిది తీసుకో."

"చప్పుడు చెయ్యనిది కావాలి."

అతను ఆమెని ఎగాదిగా చూసి వేరే పెట్టె తీశాడు. "దీని మోటారు వినపడదు. నీళ్ళు పోసే గొట్టాన్ని ముంచి పెడితే అసలేం వినపడదు. కానీ ముంచకు. నీళ్ళు పైనుంచి పడాలి, పడుతూ గాలిని లోపలికి లాక్కుపోవాలి." తన దుకాణంలో ఆడుతున్న ఫిల్టర్‌లోంచి గుప్పెడు బంకపట్టిన గులకరాళ్ళు తీసి, ఆ నీళ్ళతోనే సంచిలో కట్టిచ్చాడు. "వీటిని ఎండనివ్వకు. నేరుగా డబ్బాలో వెయ్యి. ఈ బంకలోని క్రిములనించే కొత్తవి పుడతాయి. వారంలో కళ్ళు తెరవకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపో."

ఇంటికొచ్చి పాత డబ్బా విప్పింది. కుళ్ళిన గుడ్ల కంపు. మాన్‌చ్యూంగ్ రెండు చేతులా పట్టుకుని పిసికే స్పాంజీలు నల్లబడి, పట్టుకుంటే విడిపోతున్నాయి. వాటిని కాగితంలో చుట్టి, చెత్తలో వెయ్యలేక చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత వేసింది.

కొత్తది బిగించింది. టామ్ ఇచ్చిన రాళ్ళు వేసింది. నీళ్ళు జానెడు తగ్గించింది. అంతా అతను చెప్పినట్టే చేసింది, గొట్టం తప్ప. దాన్ని నీళ్ళలోకి ముంచింది. ఇల్లు మునుపటిలాగే నిశ్శబ్దంగా ఉండిపోయింది.

నీళ్ళు తేటపడ్డట్టే పడి, పైన సన్నటి పొర కట్టాయి. ఆ-సెక్ ఒక కన్ను సగం తెరిచి మళ్ళీ మూసింది. మాటిమాటికీ పైకొచ్చి మూతి బయటపెట్టి, నోరు తెరిచి గాలి పీల్చసాగింది. మాన్‌చ్యూంగ్ కడపటి రోజుల్లో అలాగే పీల్చేవాడు.

ఆ సాయంత్రం ఆమె తొట్టి పక్కన పీట వేసుకుంది. వెనక కుర్చీ కిర్రుమంది. తైలం వాసన ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. తిరిగి చూడలేదు.

"నువ్వు పెంచినవన్నీ చచ్చిపోయాయి," అంది. "నేనే ఆపాను. నువ్వుంటావని."

ఆ-సెక్ మళ్ళీ పైకొచ్చి మూతి బయటపెట్టింది.

"దీనికి ఊపిరాడట్లేదు," అంది మళ్ళీ. చెయ్యి నీళ్ళలో పెట్టి, గొట్టాన్ని పైకి లేపి, అంచుకి తగిలించింది.

నీళ్ళు పడ్డాయి. చిన్న గదిలో ఆ చప్పుడు గోడలకి తగిలి అంతటా నిండింది. పైపొర చీలి చెదిరిపోయింది. క్వాయ్‌హింగ్ తడి చేత్తోనే చెవి దగ్గర దొప్ప పట్టి, కుర్చీ వైపు తల తిప్పి చాలాసేపు విన్నది.

కొన్నాళ్ళకి ఆ-సెక్ రెండు కళ్ళూ తెరిచి, ఆమె వేళ్ళ మధ్యనించి రొయ్య లాక్కుంది. ఆ కుర్చీ ఇప్పటికీ కిర్రుమంటుందో లేదో ఆమెకి తెలియదు. నీళ్ళ చప్పుడులో వినపడదు.