నొప్పిని రేపు రమ్మన్న కొమురమ్మ

పంజగుట్ట నుంచి బోరబండ దాకా వెతికినా నొప్పికి వాయిదా వేయగల మనిషి ఒక్కతే దొరుకుతుంది. ఆమె మా అమ్మమ్మ కొమురమ్మ. ఆమె వాటా నొప్పిని దేవుడే స్వయంగా మోసుకొచ్చి కుట్టు మిషన్ ముందు నిలబడితే, తల ఎత్తకుండా "రేపు రాపో, చేతిల పెండ్లి బ్లౌజులున్నయ్" అన్నది. దేవుడు నోరు మూసుకుని వెళ్లిపోయాడు. నలభై ఏళ్లుగా అమీర్‌పేట ఆడవాళ్లందరూ ఆ మాట విని అలాగే వెళ్లిపోతున్నారు, దేవుడెంత?

మైత్రివనం వెనక, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, ఎనిమిది మెట్లు దిగితే ఆమె దుకాణం. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ పెట్టె, గోడ నిండా హ్యాంగర్లు. సిరిసిల్లలో మగ్గం గుంట పక్కన పుట్టిన మనిషి, పెళ్లయి ఇక్కడికొచ్చి ఈ గదిలోనే జుట్టు నెరిసింది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మొదటి రోజు కత్తెర ఇవ్వదు, గుడ్డ ఇవ్వదు. ఒకే ఒక్క పాఠం చెబుతుంది.

"మిషన్ సూది వేల్ల దిగితే చెయ్యి గుంజొద్దు. గుంజితే సూది లోపట విరుగుతది, మాంసం చీరుకపోతది. చెయ్యి ఆడనే ఉంచు. రెండో చేత్తోని చక్రం మెల్లగ తిప్పు, సూది మీదికొస్తది. అప్పుడు ఎంతన్న ఏడ్వు."

ఉష కూడా ఆ పాఠం విన్నది. బోరబండ నుంచి రోజూ బస్సులో వచ్చేది, ఇరవై ఆరేళ్లుంటాయి. మూడో వారంలో ఆమె చూపుడు వేలి గోట్లోంచి సూది దిగింది. అలా దిగినప్పుడు అందరూ అరుస్తారు. ఉష అరవలేదు, కళ్లు కూడా చికిలించలేదు. చక్రం తిప్పి సూది తీసుకుని, వేలికి పీలిక చుట్టుకుని, మళ్లీ కుట్టు మొదలుపెట్టింది.

కొమురమ్మ తన మిషన్ ఆపింది. ఇంతమందికి పని నేర్పింది కానీ అరవని పిల్లను ఎన్నడూ చూడలేదు. షట్టర్ సగానికి దించి, ఉష జాకెట్టు చేయి పైకి లాగింది. బెల్టు బిళ్ల అచ్చులు, ఒకదాని మీద ఒకటి, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. మెడ వెనక సిగరెట్టు కాల్చిన గుంటలు.

"ఎవడే?"

"మా ఆయన, పెద్దమ్మ. శ్యాంసుందర్. సనత్‌నగర్‌ల లేత్ మిషన్ మీద చేస్తడు."

"నొస్తలేదా?"

"మొదట్ల నొస్తుండె. ఇప్పుడు కొడుతుంటే గోడ మీద బల్లిని చూస్తుంట."

ఆ సాయంత్రం ఉష బోరబండ బస్సు ఎక్కలేదు. కొమురమ్మ ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. శ్యాంసుందర్ ఫోన్ చేసి నాలుగు రోజులు తిట్టాడు. అయిదో రోజు తిట్టలేదు. "దాన్ని పంపుతవా, ఆడనే గొంతు కొయ్యమంటవా?" అని మాత్రం అడిగాడు. కొమురమ్మ పోలీసులకు కాగితం రాయించి ఇచ్చింది. తర్వాత మిషన్లో నూనె వేసుకుంది.

అతను మంగళవారం మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు. చేతిలో ఇనుము రాకే ఆకురాయి, సానబట్టి కత్తిలా చేసినది.

"లే. నడువ్."

"రాను," అన్నది ఉష.

అతను ఉష జుట్టు పట్టుకుని ముఖాన్ని మిషన్ బల్లకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. రెండు పళ్లు ఊడి ఎవరిదో పసుపు పచ్చ బ్లౌజు మీద పడ్డాయి. జుట్టు వెనక్కి గుంజి, గొంతు పైకెత్తి, ఆకురాయిని వెనక నుంచి తెచ్చి పొడిచాడు. ఉష గోడ వైపు చూస్తున్నది.

ఆ పోటుకు కొమురమ్మ ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

ఇనుము అరచేతిలో దిగి వెనక నుంచి బయటికొచ్చింది. ఎవరైనా చెయ్యి వెనక్కి గుంజుకుంటారు. గుంజుకుని ఉంటే రెండో పోటు ఉష గొంతులో దిగేది. కానీ కొమురమ్మ చేతికి తెలిసింది ఒక్కటే పాఠం. దిగినచోట చెయ్యి ఉంచింది. ఉంచడమే కాదు, ఆకురాయి పిడి దాకా తోసుకుంటూ పోయి అతని పిడికిలి మీద వేళ్లు మూసింది. అతను లాగితే ఆమె కూడా వెంట వచ్చింది. కడుపులో తన్నాడు. ఎడమ చేత్తో ముఖం మీద గుద్దాడు. కనుబొమ పగిలి రక్తం కంట్లోకి కారింది. ఆమె వదల్లేదు. కుడి చేత్తో బల్ల తడిమింది. తిప్పడానికి చక్రం లేదు. ఇస్త్రీ పెట్టె దొరికింది, కాగుతున్నది.

దాన్ని అతని చెంపకు ఆనించి నొక్కింది. చర్మం చుయ్యిమన్నది, గది నిండా కమురు వాసన. అతని అరుపుకు పైన కోచింగ్ క్లాసులో పాఠం ఆగిపోయింది. అతను మోకాళ్ల మీద పడ్డాక పెట్టె మూలతో భుజం మీద ఒకటి వేసింది. ఎముక విరిగిన చప్పుడు ఉష కూడా విన్నది.

పక్క మడిగెలో లైనింగ్ గుడ్డలమ్మే మెహబూబ్ భాయ్ షట్టర్ దించే ఇనుప కొక్కెంతో దిగి వచ్చాడు. శ్యాంసుందర్ కాళ్లను కొక్కెంతో లాగి బోర్లా పడేసి వీపు మీద కూర్చున్నాడు. అప్పుడు చూశాడు.

"అరే పెద్దమ్మా, చెయ్యి! చెయ్యిల ఉన్నది!"

"కనబడుతున్నది, అరవకు. వాని మీదికెల్లి లేవకు. నీ లైనింగ్ ముక్క ఇయ్యి, ఇనుముతోనే కట్టుకుంట. తీస్తే రక్తం ఆగది. ఉషా, గా పసుపు బ్లౌజు నీళ్లల్ల ఎయ్యి, లేకుంటే మరక పోదు."

పోలీసులు అతన్ని జీపెక్కించాక మెహబూబ్ ఇద్దరినీ ఆటోలో సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా కొమురమ్మ ఆటోవాణ్ణి పంజగుట్ట ఫ్లైఓవర్ ఎందుకు ఎక్కలేదని తిడుతూనే ఉంది. డాక్టరు అరుణాదేవి కోస్తావైపు మనిషి. చెయ్యి చూసి ఆమె ముఖమే పాలిపోయింది.

"ఏమ్మా, నొప్పి ఎంత ఉంది?"

"లేదమ్మా. ముందు పిల్ల గొంతు చూడు."

డాక్టరు చూసింది. "గొంతు మీద గీత కూడా లేదండీ. పళ్లే పోయాయి."

ఆ మాట చెవిలో పడిందో లేదో, రేపు రమ్మన్న నొప్పి అప్పుడే వచ్చింది, చుట్టపక్కాలందరినీ వెంటేసుకుని. కొమురమ్మ పెట్టిన కేకకు పక్క మంచం మీద మనిషి లేచి కూర్చున్నాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. మెహబూబ్ భుజం కొరికింది. ఆ పళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని అతను అందరికీ చొక్కా జరిపి చూపిస్తుంటాడు.

మత్తు, ఆపరేషన్ అయ్యాక డాక్టరు చెప్పింది.

"చెయ్యి పంపేది కబురేనమ్మా. దాన్ని నొప్పిగా చెయ్యాలా వద్దా అని మెదడు చూసుకుంటుంది. ప్రాణం మీదికొస్తే వెన్నులోకి ఆజ్ఞ పంపి కబురును అక్కడే ఆపేస్తుంది. గండం దాటాక వదులుతుంది."

"మరి గీ పిల్లకు? దీనికి ఎప్పుడూ నొయ్యది."

డాక్టరు ఉష వైపు చూసి గొంతు తగ్గించింది. "తప్పించుకునే దారి లేకుండా రోజూ కొడుతుంటే, మనసు ఒంటిని వదిలేసి పక్కకు పోవడం నేర్చుకుంటుంది. భయం తగ్గితే తిరిగొస్తుంది. టైం పడుతుందండీ."

ఆరు నెలలైంది. శ్యాంసుందర్ జైల్లో ఉన్నాడు. కొమురమ్మ ఎడమ చేతి వేళ్లు రెండు ముడవవు. గాయం ఎప్పుడో మానింది, అయినా మెట్ల మీద బూట్ల చప్పుడైతే అరచెయ్యి భగ్గుమంటుంది. మెదడు ఇంకా కాపలా దిగలేదని డాక్టరు అంటున్నది.

పోయిన గురువారం ఉష వేల్లో మళ్లీ సూది దిగింది.

"అమ్మా! సచ్చిన్నో!"

కొమురమ్మ తాగుతున్న చాయ్ ఒలకబోసుకుంది. పరుగున వచ్చి తనే చక్రం తిప్పింది. ఉష వేలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఆ ముసలిది నవ్వుతూ ఆమె వీపు మీద దబదబా చరిచింది. "అరువ్ బిడ్డా, ఇంకా అరువ్!" ఆ పూట బ్లౌజుల కోసం వచ్చిన వాళ్లందరినీ రేపు రమ్మన్నది.

ఇదంతా రాసి, మొదటి ముక్క చదివి వినిపిస్తే కొమురమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది.

"నొప్పి మర్లిపోయిందని రాసినవా, ఇంటర్ తప్పిన కోతీ? యాడికీ పోలే. పొద్దటి సంది చెయ్యి మంట లేస్తున్నది. నోరు మూసుకొని గీ సూదిల దారం ఎక్కియ్యి."