సంకటి డాక్టరు

డీడ్రిక్ లిండెమన్ డాక్టరు గారిని హెల్లెవిక్ సముద్రపు పాయకి రెండు ఒడ్డుల మీదా సంకటి డాక్టరు అనేవారు. ప్రేమగా పెట్టిన పేరే. పదిహేనేళ్ళ పాటు ఆయన దాన్ని పతకంలా మెడలో వేసుకు తిరిగాడు. ఆ తర్వాత అదే పేరు చెవిన పడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

ఆ పేరు పుట్టింది ముసలి గూరీ ఇంట్లో. పద్దెనిమిది వందల యాభై తొమ్మిది వసంతంలో, ఉద్యోగంలో చేరిన రెండో వారమే డాక్టరు ఆ ఇంటికి పడవలో వెళ్ళాడు. గూరీ కొడుకు మోన్స్‌కి కుష్ఠు. ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని ఒకే పెద్ద కొయ్య గిన్నెలోంచి బార్లీ సంకటి తింటున్నారు, నడుమ గుంటలో వెన్న కరుగుతోంది. మోన్స్ మాత్రం గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద వేరే గిన్నె, వేరే చెంచా పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెంచా కాడ మీద కత్తితో గాటు పెట్టి ఉంది, మిగతా వాటిలో కలవకుండా.

"ఇదేంటవ్వా, కన్నకొడుకుని కుక్కలా గుమ్మంలో కూర్చోబెట్టావు?" అన్నాడు డాక్టరు.

"పెద్దరోగం నాయనా, అంటుకుంటుంది. మా అమ్మ చెప్పింది. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది."

"మీ అమ్మ ఏ కాలేజీలో చదివిందేంటి?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మోన్స్.

"రోగం రక్తంలో ఉంటుందవ్వా, చెంచాలో కాదు. తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది గానీ మూతి నుంచి మూతికి పాకదు" అని, డాక్టరు మోన్స్‌ని రెక్క పట్టి తీసుకొచ్చి, పెళ్ళాం రాగ్న్‌హిల్డ్‌కీ ఆరేళ్ళ కూతురు మలేనాకీ మధ్య కూర్చోబెట్టాడు. అతని చేతిలో గాటు చెంచా లాక్కుని, దాంతోనే సంకటి తీసి, వెన్నలో ముంచి, అందరూ చూస్తుండగా తిన్నాడు. ఆ పైన చెంచాని పొయ్యిలో పడేశాడు. మోన్స్ ఏడ్చాడు. అతను మూడేళ్ళుగా ఆ బల్ల దగ్గరికి రాలేదు.

పాపం, డాక్టరు సొంత కవిత్వమేమీ చెప్పలేదు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లంతా రాసిందీ, ఆయన బట్టీ పట్టిందీ అదే. కానీ తప్పు పుస్తకానిదైనా నవ్వు మాత్రం ఆయనదే. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏమిటో ఆయనకి తర్వాత తెలిసింది.

మంచి డాక్టరే, కాదనకూడదు. తుఫానులో పడవేసుకుని పురుళ్ళకి వెళ్ళేవాడు. రోగి గుండెల మీద మోకాలు పెట్టి పళ్ళు పీకేవాడు. చావుకి దగ్గరైనవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ ఆవుల సంగతులు మాట్లాడేవాడు. పెళ్ళి చేసుకోలేదేమని అడిగితే "పడవ ఉందిగా, అది చాలదూ నన్ను తడపడానికి" అనేవాడు. ఏ గడపలోకి అడుగుపెట్టినా "సంకటి డాక్టరొచ్చాడు, చెంచా తేండి" అనేవారు. ఆయన మాట మీద చుట్టుపక్కల ఇళ్ళన్నీ వేరు గిన్నెలు మానేశాయి.

మోన్స్ ఎనిమిదేళ్ళు బల్ల దగ్గరే తిని పోయాడు. పోయిన మరుసటేడు రాగ్న్‌హిల్డ్ చేతులు చూపించింది. మేజోళ్ళు అల్లుతుంటే సూది గుచ్చుకున్నా తెలియడం లేదంది. డాక్టరు ఈకతో నిమిరాడు, గుండుసూదితో గుచ్చాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. గుచ్చినట్టే తెలియలేదు.

ఇక్కడే ఆయన చేసిన మొదటి తప్పు పని. కుష్ఠు రోగులందరినీ ఒక రిజిస్టర్లో ఎక్కించాలి. అందులో వంశంలో ఇంకెవరికి ఉండేదో రాసే గడి ఒకటుంది. రాగ్న్‌హిల్డ్ కొండ అవతలి పిల్ల. వాళ్ళ వైపు నాలుగు తరాలుగా ఎవరికీ లేదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే తాను చదివిన పుస్తకం తప్పవుతుంది, ఆ రోజు తిన్న సంకటి తప్పవుతుంది.

"బాగా గుర్తు తెచ్చుకో రాగ్న్‌హిల్డ్. ఎవరో ఒకరు ఉండుంటారు."

"ఎవరూ లేరు డాక్టరు గారూ. మా ముత్తాత చెల్లెలికి మొహం నిండా మచ్చలుండేవట గానీ, అవి మశూచివి."

"మచ్చలుండేవి కదా?"

"ఉండేవి. కానీ అవి…"

ఆయన 'ముత్తాత చెల్లెలు' అని రాసుకున్నాడు. మశూచి మాట రాయలేదు. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ తెల్లారేసరికి సర్దుకున్నాడు. రాగ్న్‌హిల్డ్ మరో నాలుగేళ్ళకి పోయింది.

మలేనాకి పంతొమ్మిదేళ్ళొచ్చాక పడవలు కట్టే హాల్వోర్ ఆమెని చేసుకుంటానన్నాడు. ఆమె ఎవరినీ అడక్కుండా తిన్నగా డాక్టరు దగ్గరికొచ్చింది. అటు తండ్రి రక్తం, ఇటు తల్లి రక్తం. రిజిస్టరే చెబుతోంది.

"పిల్లల్ని కనడం పాపమమ్మా" అన్నాడాయన.

"మా నాన్నని మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది మీరు. మీరు చెప్పాక ఇంకేముంది?" అని వెళ్ళిపోయింది. హాల్వోర్ మాత్రం ఆశ చంపుకోలేక రెండేళ్ళు ఆగాడు.

డెబ్బై నాలుగులో, ఆకులు రాలే రోజుల్లో, టపా పడవలో బెర్గెన్ నుంచి ఒక పల్చటి పుస్తకం వచ్చింది. అక్కడొక డాక్టరు సూక్ష్మదర్శినిలో సన్నటి పుల్లల్లాంటి క్రిములు చూశాడట. కుష్ఠు వంశంలో దిగేది కాదు, మనిషి నుంచి మనిషికి అంటుకునేదని రాశాడు. లిండెమన్ నిలబడి చదవడం మొదలుపెట్టి మధ్యలో కూర్చుండిపోయాడు. ముందుగా గుర్తొచ్చింది మోన్స్ కాదు, మశూచి మచ్చలున్న ఆ ముత్తాత చెల్లెలు. పుస్తకం తీసుకెళ్ళి సొరుగులో, ఎముకలు కోసే రంపం కింద పెట్టాడు. ఒక్కడు చెబితే సరిపోతుందా, నలుగురూ ఒప్పుకోనీ, అనుకున్నాడు.

క్రిస్మస్‌కి ముందు హాల్వోర్ వచ్చాడు. టోపీ చేతుల్లో నలుపుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"డాక్టరు గారూ, మా వాళ్ళు దీవుల వైపు సంబంధం చూశారు. నేనింకా అవునన్లేదు. మలేనా సంగతి… ఇంక మారదా?"

సొరుగు ఆయన మోకాలికి ఆనుకునే ఉంది. అది లాగితే రాగ్న్‌హిల్డ్‌ని చంపింది తానేనని ఒప్పుకోవాలి.

"అలాంటివి మారవు బాబూ" అన్నాడు.

చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు. ఈ పెళ్ళికి అడ్డు చెప్పవలసినవాళ్ళుంటే చెప్పండని ప్రీస్టు మూడుసార్లూ అడిగాడు. మూడుసార్లూ లిండెమన్ మూడో వరసలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. వెనక ఆడవాళ్ళ వైపు మలేనా ఉంది. ఆయన తల తిప్పలేదు. హాల్వోర్ పెళ్ళయిపోయింది.

ఆ తర్వాత ఆయనకి సంకటి గొంతు దిగడం మానేసింది. ఎవరైనా గిన్నె జరిపితే కడుపులో బాగాలేదనేవాడు. ఏప్రిల్లో మంచు కరగ్గానే రిజిస్టరు తీసి ముత్తాత చెల్లెలి మీద గీత కొట్టాడు. పక్కన 'అత్తింటి గిన్నెలోంచి, నా మాట మీద' అని రాసి, సొరుగులోని పుస్తకం కోటు జేబులో పెట్టుకుని పడవెక్కాడు.

గూరీకి ఎనభై దాటాయి, చూపు ఆనదు. మలేనా పొయ్యి దగ్గరుంది. ఆయన కూర్చోకుండానే అంతా చెప్పేశాడు.

"అంటే, అంటుకునేదేనా?" అంది గూరీ.

"అంటుకునేదే అవ్వా. నువ్వు చెప్పిందే నిజం."

"నా రక్తమే పాడుదనుకున్నాను నాయనా. నా పాలు తాగినందుకే నా కొడుకు పోయాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ పడుకున్నాను. మా అమ్మ కాలేజీలో చదవలేదుగా మరి."

ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది.

మలేనా గరిటె ఆపింది. "ఆ పుస్తకం ఎప్పుడొచ్చింది డాక్టరు గారూ?"

అబద్ధమాడొచ్చు. టపా ఆలస్యమైందంటే ఎవరు కాదంటారు? "ఆకులు రాలే రోజుల్లో" అన్నాడు.

"హాల్వోర్ మీ ఇంటికొచ్చింది క్రిస్మస్ ముందు."

"అవును."

"అప్పటికి పుస్తకం ఇంట్లోనే ఉంది."

"ఉందమ్మా. నా సొరుగులో."

ఆమె మళ్ళీ సంకటి కలిపింది. గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, నడుమ గుంట చేసి వెన్న వేసింది. పదహారేళ్ళ అలవాటు కొద్దీ ఆయన చెయ్యి కుర్చీ మీదికి వెళ్ళింది. మలేనా గోడనున్న చెంచా ఒకటి తీసి, కత్తితో కాడ మీద గాటు పెట్టింది. చిన్న గిన్నెలో సంకటి వేసి, రెండూ గుమ్మం పక్కనున్న ముక్కాలిపీట మీద పెట్టింది.

"మీరక్కడ తినండి డాక్టరు గారూ. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది చేతులు పట్టుకుని వస్తున్నారో ఏమో. ఇంట్లో ముసలావిడుంది."

గొంతులో కోపం లేదు. ఆ మాటలో తప్పూ లేదు. అది తనకే ముందు తోచాల్సిందని ఆయనకి అర్థమైంది. వెళ్ళి గిన్నె ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

"మలేనా, ఆయనకి అక్కడికి వెన్న అందదే" అంది గూరీ, చూపు ఆనని కళ్ళు గుమ్మం వైపు తిప్పి.

"నాన్నకీ అందేది కాదుగా నాయనమ్మా" అంది మలేనా.

లిండెమన్ ఉత్త సంకటి తినడం మొదలుపెట్టాడు. గొంతు దిగకపోయినా అడుగంటా తిన్నాడు.