కుర్చీల కోసం సీమంతం

నిరుడు ఏప్రిల్ ఎనిమిది, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకి ఇది మొదలైంది. పళ్ళ డాక్టరు దగ్గర నాకు ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్, ఇంకా పిలవరేమని అప్పుడే గడియారం చూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టిన దాన్ని. ఖాళీగా కూర్చోబెడితే నా కళ్ళు ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటాయి. కిటికీకి ఎదురుగా ఇమిగ్రేషన్ ఆఫీసు, దాని ముందు పేవ్‌మెంట్ మీద పెద్ద క్యూ. అరవై మూడు మంది. కూర్చున్న వాళ్ళు సున్నా. ముప్పై ఎనిమిదో మనిషి నిండు గర్భిణి.

పన్ను పీకించుకుని బయటికొచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. ఆమె ఇరవై తొమ్మిదో మనిషి దాకా జరిగింది. వెళ్ళి పలకరించాను. ఆమెది వచ్చీరాని ఇంగ్లీషు, నాది మొద్దుబారిన నోరు, అయినా మాట సాగింది. హోండురాస్ నుంచి వచ్చి అమెరికాలో ఆశ్రయం ఇమ్మని అర్జీ పెట్టుకుంది. కేసు తేలేదాకా రెండు వారాలకోసారి వచ్చి సంతకం పెట్టాలి. క్యూలోంచి పక్కకి జరిగితే వరస పోతుంది, ఆ రోజు సంతకం పడకపోతే కేసుకే చేటు. కాన్పు జూన్ మొదటి వారంలో. పొద్దున్న ఆరింటికి వచ్చిన మనిషిని లోపలికి పిలిచింది పదకొండూ పదికి. నేను అక్కడే ఉండి చూశాను.

మోరిస్‌విల్‌లో మా పక్కింట్లో రిటైరైన లేడీ డాక్టరు ఉంది. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేను ఆవిడని డాక్టరమ్మా అంటాను. సంగతి చెప్పగానే మారుమాట లేకుండా లేచి గరాజ్‌లోకి వెళ్ళింది. తెలుగు వాళ్ళ గరాజ్‌లో కారుకి చోటు ఉన్నా లేకపోయినా మడత కుర్చీలకి ఉంటుంది. ఆవిడవి ఏడు, నావి ఐదు, మొత్తం పన్నెండు.

ఏప్రిల్ ఇరవై రెండున ఏడున్నరకి వాటిని పేవ్‌మెంట్ మీద వేశాం. ఆరింటి నుంచీ నిలబడి ఉన్న ఆ అమ్మాయి కూర్చుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుంది. ముప్పై ఐదు నిమిషాలు. ఎనిమిదీ ఐదుకి సిటీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే. పేవ్‌మెంట్ మీద ఏ వస్తువూ పెట్టకూడదట, పెట్టాలంటే సిటీ కౌన్సిల్ ఒప్పుకోవాలట. సారీ చెబుతూనే పన్నెండు కుర్చీలూ ట్రక్కులో వేసుకుపోయాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి పదీ నలభై ఐదు దాకా నిలబడింది. మళ్ళీ మే ఆరున పావు తక్కువ ఆరుకి వచ్చి పదకొండు దాకా నిలబడింది. ఆ రోజు వాచిన చీలమండలు చూసి డాక్టరమ్మ ముఖం మాడ్చుకుంది. ఇంకొక్కసారి ఇలా నిలబడితే క్యూలోనే పడిపోతుందని నా చెవిలో చెప్పింది.

మళ్ళీ రావాల్సింది మే ఇరవైన. కౌన్సిల్ మీటింగు పదమూడున, సాయంత్రం ఆరున్నరకి. ఎంత మంది వస్తే అంత మంచిదని సిటీ ఆఫీసులో గుమాస్తా చెప్పింది. వాట్సాప్‌లో పెడదామన్నాను.

"వాట్సాప్‌లో పెడితే దణ్ణం బొమ్మ పంపించి పడుకుంటారు వదినా," అంది డాక్టరమ్మ. "బొట్టు పెట్టి పిలిస్తే చచ్చినట్టు వస్తారు."

మే ఎనిమిది నుంచి పదకొండు దాకా, నాలుగు రోజుల్లో నలభై ఆరిళ్ళు. డ్రైవింగూ లిస్టూ నావి, కుంకుమ భరిణె ఆవిడది. ఇంటికి నాలుగు నిమిషాలని నేనే గీత గీశాను. ఆ నాలుగు నిమిషాల్లో ఆవిడ చెప్పగలిగింది ఇంతే: నెలలు నిండిన పిల్ల ఉంది, ఈ దేశంలో ఎవరూ లేరు, పదమూడో తారీకు సాయంత్రం సిటీ హాల్‌కి తప్పకుండా రావాలి. నుదుట బొట్టు పడ్డాక ఎందుకని మనవాళ్ళు అడగరు. ఏ చీర కట్టుకోవాలని అడుగుతారు. పదకొండు మంది అడిగారు. నేను లిస్టులో టిక్కు పెట్టుకున్నానే గాని ఆలోచించలేదు.

పదమూడున ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని మేమిద్దరం ముందే సిటీ హాల్‌కి వెళ్ళాం. ఆరూ పదికి పార్కింగ్ లాట్‌లో కార్ల తలుపులు తెరుచుకున్నాయి, పట్టుచీరలు దిగాయి. పళ్ళేల్లో పళ్ళు, పూలు, గాజులు, ఒకావిడ చేతిలో స్టీలు డబ్బా నిండా చలిమిడి. యాభై రెండు మంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల ఒకతె నా చెయ్యి పట్టుకుని, సీమంతానికి సిటీ హాల్ బుక్ చేశారా ఆంటీ, భలే ఐడియా అంది. అప్పుడు అర్థమైంది నాకు. డాక్టరమ్మ వైపు చూశాను. నీ నాలుగు నిమిషాల మహిమ అంది ఆవిడ.

లాబీలో బల్ల మీద మాట్లాడదలచిన వాళ్ళు సంతకం చేసే కాగితం ఉంది. పేరుకి ఒక గడి, విషయానికి ఒక గడి. నేను వెళ్ళేసరికే యాభై రెండు మందీ దాన్ని చదివింపుల పుస్తకం అనుకుని నింపేశారు. విషయం గడిలో గాజులు రెండు డజన్లు. ఊలు స్వెటరు. డయపర్లు, సైజ్ వన్. చెరపడానికి లేదు, అన్నీ పెన్నుతో రాశారు.

ఇది సీమంతం కాదు, కుర్చీల కోసం మీటింగు అని రెండు నిమిషాల్లో చెప్పాను. తప్పు నాదే, వెళ్ళదలచిన వాళ్ళు వెళ్ళొచ్చన్నాను. అందరిలోకీ పెద్దావిడ, ఎనభై దాటిన మనిషి, నన్ను ఎగాదిగా చూసింది.

"తాంబూలం ఇవ్వకుండా పంపిస్తావా ఏమిటి?" అని ముందు నడిచింది. మిగతా యాభై ఒక్కరూ వెనకే.

లోపల అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని పేర్లు, విషయాలు చదవడం మొదలుపెట్టాడు. డయపర్ల దగ్గర ఆగి గుమాస్తా వైపు చూశాడు. ఆమె నుదుట అప్పటికే బొట్టు ఉంది, డాక్టరమ్మ తలుపు దగ్గరే పెట్టేసింది. మనిషికి మూడు నిమిషాలు ఇవ్వాలన్నది వాళ్ళ రూలు. ఇంతమంది తరఫున ఒకరే మాట్లాడితే బాగుంటుందేమో అన్నాడాయన. నేను లేచాను.

"రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలే పడుతుందండీ," అన్నాను. "ఈ అమ్మాయి పోయిన వారం ఐదు గంటల పదిహేను నిమిషాలు నిలబడింది. మీరు కూర్చునే వినండి."

ఎవరి గాజులో గలగలమన్నాయి, ఎవరో కిసుక్కున నవ్వారు, దాంతో ఇద్దరు కౌన్సిలర్లకీ నవ్వు ఆగలేదు. స్వెటరు అల్లినావిడ తన మూడు నిమిషాలూ స్వెటరు గురించే చెప్పింది. సాఫ్ట్‌వేర్ పిల్ల తన వీసా క్యూల సంగతి చెబుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. ముందు వరసలో డాక్టరమ్మ ఆ అమ్మాయికి గాజులు తొడుగుతూనే ఉంది. ఆ అమ్మాయి చేతులు రెండూ చాపి, ఏమీ అర్థం కాకపోయినా, పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోంది. పంతొమ్మిదో మనిషి అయ్యాక, అంటే యాభై ఏడు నిమిషాలకి, ఇక ఓటు పెడదామని ఒక కౌన్సిలరు అంది. ఐదు, రెండు. పేవ్‌మెంట్ మీద నలభై కుర్చీలకి అనుమతి. ఎండకి పందిరి కూడా అడిగాం, అది ఇవ్వలేదు.

లాబీలో యాభై రెండు మందికీ తాంబూలం ఇచ్చాం. ఆకులు లేవు, అరటిపండు ఒక్కొక్కటి.

మే ఇరవైన ఆ అమ్మాయి ఆరింటికి వచ్చి ముప్పై ఎనిమిదో కుర్చీలో కూర్చుంది. గొడుగు డాక్టరమ్మ పట్టుకుంది. కూర్చునే చలిమిడి తింది, కూర్చునే కునికింది. పదీ ఇరవైకి పిలిస్తే లేచి నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. జూన్ మూడున ఆడపిల్ల. కేసు ఇంకా తేలలేదు.

పోయినవి: మడత కుర్చీలు రెండు, సిటీ వాళ్ళు పదే తిరిగిచ్చారు. కుంకుమ భరిణె ఒకటి, లాబీలో. గాజులు మూడు పెరిగాయి, పగిలాయని రాయొద్దని డాక్టరమ్మ అంది. నా పన్ను ఒకటి. ఆ అమ్మాయి నిలబడిన సమయం, మూడు సార్లకీ కలిపి, పద్నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలు. అంతకు ముందు నిలబడింది నేను చూడలేదు కాబట్టి కలపలేదు.