ఒకే పేరున్న రెండు పాటలు

మోగుతున్న ఫోను ఎత్తకపోవడం తప్పు. బహ్రెయిన్‌లో గుదైబియా నుంచి హమద్ టౌన్ వెళ్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఆ తప్పు మూడుసార్లు చేశాడు.

మొదట గిటార్ల హోరుతో ఒక ఇంగ్లీషు రాక్ పాట మోగింది, కాసేపటికి మెత్తటి పాప్ పాట. క్యాసెట్ అట్టలు చదువుకుంటూ ఇంగ్లీషు నేర్చినవాణ్ణి, రెంటినీ గుర్తుపట్టాను. పాడినవాళ్లు వేరు. పేర్లు మాత్రం దాదాపు ఒకటే, రెంటికీ అర్థం ‘చాలా దూరం’ అని.

“వేరే పాటలే దొరకలేదా నాయనా?” అన్నాను.

“ఒకటి అమ్మకు, ఒకటి బిడ్డకు పెట్టిన పెద్దయ్యా. గల్ఫుల ఉన్నోనికి దూరం పాటలే గదా!” అని నవ్వాడు.

మళ్లీ పాప్ పాట మోగింది. తెరమీద రెండు జడల పిల్ల ఫోటో. అతను చూస్తూ కూర్చున్నాడు. నాకు మండింది.

“కన్నబిడ్డ పిలుస్తుంటే పాట వింటావేమయ్యా? ఎత్తు!”

పాట ఆగేదాకా అతను పలకలేదు. ఆ పాట ఇప్పుడు ఎక్కడ వినపడ్డా నేనూ చివరిదాకా పలకను. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

“ఎత్తితే ‘బాపూ, ఎప్పుడొస్తవ్’ అంటది పెద్దయ్యా. ఈయేడు సెలవు లేదన్నరు, దానికెట్ల జెప్పాలె? పాట మోగినంతసేపైతే ఏం అడగది.”